ముప్ఫై ఒకటో పేజీ

సైన్యం నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఆమె మూడుసార్లు చదివింది. మొదటిసారి చదివినప్పుడు కొడుకు చనిపోయాడని రాశారేమో అనిపించింది. కొడుకు ఎదురుగానే స్టూలు మీద కూర్చుని బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు కాబట్టి అది కాదని తేల్చుకుంది. రెండోసారి చదివినప్పుడు వాణ్ణి జైల్లో వేస్తారేమో అనిపించింది. మూడోసారికి కళ్ళద్దాలు పెట్టుకుని, వరసల కింద వేలు పెట్టుకుని, ఒక్కొక్క మాటే చదివింది.

"సదరు మాజీ సిపాయి రెండు చెవుల వినికిడి లోపము నలభై శాతముగా నిర్ధారించడమైనది. సదరు లోపము సైనిక సేవ వలన కలిగినది కాదు. సేవ వలన ముదిరినదియు కాదు. సేవలో చేరక పూర్వమే ఉన్నదని రికార్డుల వలన తెలియుచున్నది. కావున వైకల్య పింఛను క్లెయిము తిరస్కరించడమైనది. అప్పీలు చేసుకొనదలచిన యెడల ఈ లేఖ తేదీ నుండి ఆరు నెలలలోగా..."

ఆ తర్వాత వరసగా సెక్షన్ల నంబర్లు. అవి ఆమె చదవలేదు.

"చంటీ," అంది. వాడు వినలేదు. ముప్ఫై రెండేళ్ళ మనిషి, గది తలుపు దాటాలంటే తల వంచాలి, పదకొండేళ్ళు ఫిరంగుల దళంలో చేసి వచ్చాడు. ఇంట్లో పేరు మాత్రం చంటే. ఆమె లేచి వెళ్ళి భుజం తట్టింది. "చంటీ, నలభై వచ్చాయట్రా. నలభై అంటే పాసే కదా? మరి పింఛను ఇవ్వం అంటారేమిటి?"

వాడు ఆమె పెదాల వంక చూసి, ఉత్తరం అందుకుని చదివి, మడిచి ఇచ్చేశాడు. "ఏం లేదమ్మా. పర్లేదు."

వాడితో వచ్చిన చిక్కే అది. ఏదడిగినా పర్లేదనే అంటాడు. కాలు విరిగినా పర్లేదంటాడు. ఆమేమో చంటి పాల ప్యాకెట్ కోసం కిందికి దిగినా బాల్కనీలో నిలబడి, వాడు మళ్ళీ మెట్లెక్కేదాకా కమ్మీ వదలదు. ఇద్దరిదీ ఒకే రక్తమంటే నమ్మడం కష్టమని కోడలు నవ్వుతూ అంటుంది.

సాయంత్రం కోడలు మందుల షాపులో పని చూసుకుని రాగానే ఆమె ఉత్తరం చేతిలో పెట్టింది. "అమ్మాయ్, నువ్వు డాక్టర్ల రాతే చదువుతావు. ఇది చూడు."

కోడలు నిలబడే చదివింది. "అత్తయ్యా, డాక్టర్ల రాతే నయం. అక్షరాలు తెలియవు గానీ మందు ఏదో తెలుస్తుంది. ఇందులో అక్షరాలన్నీ తెలుస్తున్నాయి, మందే తెలియడం లేదు." అని బ్యాగు దించి, చంటి వంక చూసి, గొంతు తగ్గించింది. తగ్గించక్కర్లేదు, వాడికి ఎలాగూ వినపడదు. "యార్డులో మళ్ళీ ఏమైనా అన్నారా?"

యార్డంటే చంటి పనిచేసే పార్సిల్ గోడౌను. పోయిన నెల ఒక వ్యాను వెనక్కి వస్తూ హారన్ మోగించింది. అందరూ పక్కకు తప్పుకున్నారు, చంటి ఒక్కడూ అట్టపెట్టె మీద చీటీ అంటిస్తూ నిలబడ్డాడు. ఎవరో చొక్కా పట్టి లాగారు కాబట్టి బతికాడు. సూపర్‌వైజర్ తెగేసి చెప్పాడు: చెవి మిషను పెట్టుకుని వస్తే ఉంచుకుంటాను, లేకపోతే సంవత్సరం తిరిగేలోగా వేరే పని చూసుకో. ఆ మిషను, దాన్ని చెవికి సరిచేసే డాక్టరు, ఏటేటా పరీక్షలు, అన్నీ సైనిక ఆసుపత్రిలో ఉన్నాయి. లోపం సేవ వల్ల వచ్చిందని కాగితం ఉన్నవాళ్ళకే ఉన్నాయి. పింఛను వచ్చినా రాకపోయినా ముందు ఆ కాగితం కావాలి. అది లేకపోతే మళ్ళీ ఇంకో వ్యాను, ఇంకో హారను. ఆ వ్యాను ఆమెకు కాజాలు కుడుతున్నప్పుడు కూడా కళ్ళముందు వెనక్కి వస్తూనే ఉంటుంది. రోజూ దర్జీ షాపు నుంచి ఇరవై చొక్కాలు వస్తాయి, కాజాలు కుట్టి పంపాలి. ఆ వారం రెండు చొక్కాలకు కాజాలు తప్పు వైపు కుట్టింది.

టైర్ల షాపు పైన ఒక గదిలో మాజీ సైనికుల సంఘం ఉంది. అక్కడ ఒక రిటైరైన సైనిక గుమాస్తా కూర్చుంటాడు. అందరూ రైటర్ గారంటారు. ఆయన ఎవరితో మాట్లాడినా కేకలేస్తున్నట్టే ఉంటుంది. ఆమె చంటిని వెంటబెట్టుకుని మొదటిసారి వెళ్ళినప్పుడు తిడుతున్నాడనుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"భయపడకు చెల్లెమ్మా! నా గొంతే ఇంత. ఫిరంగుల వాళ్ళందరూ నా దగ్గరికే వస్తారు. వాళ్ళకు వినపడేలా మాట్లాడీ మాట్లాడీ ఇలా తయారయ్యాను. మా ఆవిడ ఇంట్లో నాతో మాట్లాడటం మానేసింది."

ఉత్తరం చదివి, టేబుల్ మీద అద్దం కింద పెట్టాడు. ఆమె మెల్లిగా అడిగింది. "అన్నయ్యా, నలభై వచ్చిందని వాళ్ళే రాశారు. మళ్ళీ పింఛను ఇవ్వం అని వాళ్ళే రాశారు. ఫెయిలా, పాసా?"

"ఇక్కడ మార్కులు లేవమ్మా. ఎంత ఎక్కువొస్తే అంత పాడైనట్టు. నువ్వు చొక్కాలు కుడతావా?"

"కాజాలు."

"సరే. చొక్కా చిరిగిందనుకో. ఎంత చిరిగిందన్నది ఒక ప్రశ్న. ఎవరింట్లో చిరిగిందన్నది రెండో ప్రశ్న. ఎంత చిరిగిందో వాళ్ళే కొలిచి నలభై అన్నారు. ఆ సంగతిలో గొడవ లేదు. మా ఇంట్లో చిరగలేదు, మీ ఇంటి నుంచే చిరిగి వచ్చింది అంటున్నారు. మన పోట్లాటంతా ఆ రెండో ప్రశ్న మీదే."

అంతవరకు ఆమెకు అర్థమైంది. ఆ తర్వాత ఆయన చెప్పిన అప్పీలు, రివ్యూ, మొదటి కమిటీ, రెండో కమిటీ అన్నీ కలిసి ముద్దైపోయాయి. ఇంటికొచ్చేసరికి మొదటి కమిటీకి ముందు రెండో కమిటీకి వెళ్ళాలని గుర్తుండిపోయింది.

"మీ ఇంటి నుంచే చిరిగి వచ్చిందని ఎందుకంటున్నారో ఫైలు చూస్తేగానీ తెలియదు," అన్నాడు రైటర్, వాళ్ళు లేచే ముందు. "సర్వీసు ఫైలు నకలు కోసం దరఖాస్తు పెడదాం. వచ్చాక అప్పీలు రాద్దాం." చంటి వైపు తిరిగి, "బాబూ, చిన్నప్పుడు చెవిపోటు గానీ చీము గానీ ఉందా?" అని అరిచాడు.

"లేదు సార్. పర్లేదు సార్."

"పర్లేదు అనే మాట ఇంకోసారి నా ఆఫీసులో అన్నావంటే మెట్ల మీంచి తోసేస్తా. చెవులు కొలిచిన డాక్టర్ల బోర్డు ముందు కూడా అలాగే అని వచ్చుంటావు."

చంటి సిగ్గుపడి నవ్వాడు. అలాగే అన్నాడు కూడా. పదకొండేళ్ళు అలాగే అన్నాడు. ఫిరంగి పేలిన ప్రతిసారీ చెవిలో హోరు మొదలై రెండు రోజులు తగ్గేది కాదట. చెబితే పని తప్పించుకుంటున్నాడంటారని ఎవరూ చెప్పేవాళ్ళు కాదట. చివరి ఏడాది హోరు తగ్గడం మానేసింది. ఈ సంగతి తల్లికి ఆ రోజు, ఆ గదిలో, వేరే మనిషికి చెబుతుంటే తెలిసింది.

ఆమె మాత్రం చీము అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆ మాట ఎక్కడో తానే వాడినట్టు అనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. అప్పటి ఉత్తరాలు ఇంకా ఎవరు దాస్తారులే, చించి పారేసుంటారు అని తనకు తనే సర్ది చెప్పుకుంది.

దరఖాస్తు పెట్టిన అయిదు నెలలకు ఫైలు వచ్చింది. అప్పీలు గడువు ఇంకా పంతొమ్మిది రోజులుంది. మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ లావుపాటి కవరు ఇచ్చి సంతకం చేయించుకున్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. కత్తెర అంచుతో కవరు విప్పి, కుట్టుమిషను బల్ల మీద కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. కొడుకు బరువు, ఎత్తు, వేలిముద్రలు, సెలవుల చీటీలు. ప్రతి కాగితం పైన కుడివైపు ఎర్ర సిరాతో నంబరు.

ముప్ఫై ఒకటి దగ్గర చెయ్యి ఆగింది.

తన చేతిరాత. పెన్సిల్‌తో గీతలు గీసుకుని, గీతల మీద గుండ్రంగా రాసిన అక్షరాలు. నకలు తీసినా ఆ పెన్సిల్ గీతలు సన్నగా కనబడుతున్నాయి.

"దొరగారికి నమస్కరించి వ్రాయునది. అయ్యా, మా అబ్బాయికి పుట్టుకతోనే రెండు చెవులూ సరిగా వినపడవు. చీము కారుతుంది. ఆ సంగతి దాచి మీ దగ్గర చేరినాడు. కావున వాణ్ణి ఫిరంగుల దగ్గర ఉంచక వంటశాలలో గానీ స్టోరులో గానీ పెట్టవలెనని ప్రార్థన. నేను వ్రాసినట్టు వాడికి చెప్పవద్దు. వాడు నన్ను చంపేస్తాడు."

చంటి సైన్యంలో చేరిన మొదటి ఏడాది అది. వాణ్ణి ఫిరంగుల దళంలో వేశారని తెలిసిన రోజు నుంచి ఆమెకు అన్నం సహించలేదు. ఏదో ఒక జబ్బు రాయాలనుకుంది. కళ్ళని రాస్తే అక్షరాలు చదివించి పట్టేస్తారు. కాళ్ళని రాస్తే పరిగెత్తించి పట్టేస్తారు. చెవి లోపలికి ఎవరు తొంగి చూస్తారులే అనుకుని చెవులని రాసింది. ఆ చెవుల్లో ఏనాడూ చీము లేదు, నీరు లేదు. మూడో అంతస్తులో నిద్రపోతూ కింద కూరల బండివాడు ఏం ధర చెప్పాడో చెప్పగలిగేవాడు చంటి.

రికార్డుల వలన తెలియుచున్నదంటే ఇదన్నమాట. వాడి క్లెయిము మీద నీళ్ళు పోసింది కన్నతల్లి చెయ్యే. అంతకంటే భయంకరమైన ఆలోచన దాని వెనకే వచ్చింది. లేని జబ్బును తాను కాగితం మీద పెట్టింది. పదేళ్ళకు అది నిజంగానే వాడి చెవుల్లోకి వెళ్ళి కూర్చుంది. తన రాతతోనే ఆ చెవుల్ని పాడుచేసిందా? కాదు, ఫిరంగులు చేశాయి. మరి ఆ చెవుల పేరే ఎందుకు రాసింది? ఎంత తిప్పి ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగుతోంది.

పైగా అబద్ధం రాసినందుకు ఏం చేస్తారో తెలియదు. సైన్యానికి అబద్ధం రాస్తే శిక్ష ఉంటుందేమో. అదే అనుకుని ఆ కాగితం తీసి, బొత్తాల డబ్బా అడుగున మడిచిపెట్టింది. మిగతావి కవర్లో సర్దింది.

మర్నాడు తల్లీ కొడుకులు కవరు తీసుకుని వెళ్ళారు. రైటర్ వేలు తడి చేసుకుని నంబర్లు లెక్కపెట్టుకుంటూ తిప్పాడు. ఇరవై తొమ్మిది, ముప్ఫై, ముప్ఫై రెండు. ఆగాడు. వెనక్కి తిప్పాడు. అంటుకుందేమోనని గోటితో గీకి చూశాడు.

"ముప్ఫై ఒకటేదీ?"

చంటి వంగి టేబుల్ కింద వెతికాడు. కవరు తిరగేసి దులిపాడు. ఆమె కొంగు మడత పెట్టుకుంటూ కూర్చుంది.

"చూడు, ముప్ఫై రెండు ఏమిటో అర్థం కావడం లేదు," అన్నాడు రైటర్. "'పై పేజీలోని విన్నపము దృష్ట్యా చర్య తీసుకొనడమైనది, వివరములు వెనుక.' ఏ విన్నపం? వెనకవైపు నకలు తియ్యలేదా..." కాగితం తిప్పాడు. వెనకవైపు మసకమసకగా నాలుగు లైన్లున్నాయి. "ముందు కాగితం లేకపోతే ఇది ఎవడి గురించో కూడా చెప్పలేం. ముప్ఫై ఒకటి పంపలేదని మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. రావడానికి రెండు నెలలు పడుతుంది."

"గడువు పద్దెనిమిది రోజులే కదా అన్నయ్యా?"

"అదే కదా నా బాధ! గడువు దాటితే ఎందుకు దాటిందో ఇంకో కమిటీకి చెప్పుకోవాలి. ఆ కమిటీ ఒప్పుకుంటేనే ఈ కమిటీ చూస్తుంది. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు."

ఆమె కళ్ళముందు వ్యాను వెనక్కి వచ్చింది. ఏడాదిలో అది ఎన్నిసార్లు వెనక్కి వస్తుంది?

"అది నా దగ్గరుంది," అంది.

రైటర్ విన్నాడు. చంటి వినలేదు. "ఏంటమ్మా?" అన్నాడు.

"నా దగ్గరుందిరా. నేనే తీశాను."

పెదాలు సరిగా కదలక వాడికి అర్థం కాలేదు. "ఏం తీశావు? గట్టిగా చెప్పు."

తన తప్పును మెల్లిగా చెప్పుకునే వీలు కూడా లేకపోయింది ఆమెకు. లేచి నిలబడి కేక వేసింది. "నేను రాశాన్రా! నీకు పుట్టుచెవుడని నేనే మీ దొరకు ఉత్తరం రాశాను! అబద్ధం రాశాను! నిన్ను ఫిరంగుల దగ్గర పెట్టకుండా వంటలో వేస్తారని రాశాను! అదే ఇప్పుడు పీకల మీదికొచ్చింది!"

కింద టైర్ల షాపులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. ఎవరో మెట్ల దగ్గరికి వచ్చి పైకి చూసి వెళ్ళారు.

చంటి చేతిలోని ఖాళీ కవరు బల్ల మీద పెట్టాడు. ఇంక అయిపోయింది, వీడు నన్ను అమ్మా అని పిలవడు అనుకుంది ఆమె. కొడుకు ఇల్లు విడిచి వెళ్ళిపోవడం, కోడలు తాళం చెవులు బల్ల మీద పెట్టడం వరకూ ఊహించేసింది.

"అందుకా," అన్నాడు వాడు.

"ఏంట్రా అందుకు?"

"మొదటి ఏడాది ఒకరోజు మా కెప్టెన్ పిలిచి డాక్టర్ దగ్గరికి పంపించాడు. ఆ డాక్టర్ నన్ను గోడవైపు తిప్పి వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెప్పాడు. అన్నీ తిరిగి చెప్పాను. చెవుల్లోకి లైటు వేసి చూశాడు. కెప్టెన్ నవ్వి, ఇంటికి తరచుగా ఉత్తరం రాస్తుండు, మీ అమ్మ బెంగ పెట్టుకుంది అన్నాడు. నాకేం అర్థం కాలేదు. బట్టలుతికే పని తప్పిందని సంతోషించాను."

రైటర్ కుర్చీలోంచి సగం లేచాడు. ముప్ఫై రెండో కాగితం వెనకవైపు కిటికీ వెలుగులో పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. "తల్లి వ్రాసిన విన్నపము దృష్ట్యా... పరీక్షించడమైనది... రెండు చెవులు... సంపూర్ణముగా ఆరోగ్యము... చీము లేదు, పాత గాయము లేదు... ఫిరంగి విధులకు యోగ్యుడు." కింద డాక్టర్ సంతకం, తేదీ.

ఆమె కాగితం వంక, ఆయన మొహం వంక మార్చి మార్చి చూసింది.

"అంటే మంచిదా, చెడ్డదా?" అంది ఆమె.

"చెల్లెమ్మా," అన్నాడు రైటర్, ఎప్పుడూ లేనంత మెల్లిగా. "క్లెయిము కొట్టేసినవాడు నీ ఉత్తరం చదివి, పేజీ తిప్పకుండా సంతకం పెట్టాడు. తిప్పుంటే తెలిసేది. చేరిన ఏడాదికి వీడి చెవులు బంగారంలా ఉన్నాయని వాళ్ళ డాక్టరే రాసిచ్చాడు. నువ్వు ఆ ఉత్తరం రాయకపోతే ఆ పరీక్షే జరిగేది కాదు. చిరిగింది వాళ్ళింట్లోనే అని ఇంతకంటే రుజువేముంది? కానీ ఆ ముప్ఫై ఒకటి లేకపోతే ముప్ఫై రెండు గాల్లో వేలాడుతుంది. ఎక్కడుందది?"

"బొత్తాల డబ్బాలో."

"బొత్తాల డబ్బాలో!" అని ఆయన నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. చంటి నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ నవ్వు కోపంతోనా, నిజంగానా అన్నది ఆమె ఆ రోజంతా వాడి మొహంలో వెతుకుతూనే ఉంది.

అప్పీలు గడువుకు తొమ్మిది రోజుల ముందే వెళ్ళింది. ఆమె చేత కూడా ఒక వాంగ్మూలం రాయించారు. పెన్సిల్ గీతలు గీసుకునే రాసింది. మూడు నెలలకు విచారణకు పిలిచారు.

కమిటీలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న డాక్టరమ్మ ముందు చంటిని అడిగింది. "ఇప్పుడెలా వినపడుతోంది?"

చంటి నోరు తెరిచాడు. రైటర్ బల్ల కింద వాడి కాలు తొక్కాడు. "సరిగా వినపడదు మేడమ్," అన్నాడు చంటి, చాలా కష్టంగా. "మీ పెదాలు చూసి చెబుతున్నాను."

డాక్టరమ్మ రాసుకుని తల్లి వైపు తిరిగింది. "ఈ ఉత్తరం మీదేనా?"

"నాదేనండీ."

"ఇందులో రాసింది నిజమా?"

"అబద్ధమండీ."

"వాంగ్మూలంలో రాసింది?"

"అది నిజమండీ."

"అప్పుడు అబద్ధం రాశానంటున్నారు. ఇప్పుడు నిజం రాశానంటే ఎలా నమ్మాలి?"

ఆమె రెండు వారాలుగా భయపడుతున్నది ఈ ప్రశ్నకే. రైటర్ ఒక జవాబు నేర్పించాడు. అందులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. "నన్ను నమ్మొద్దండీ," అంది. "నన్నెందుకు నమ్మాలి? నాకు వాడి విషయంలో బుద్ధి పనిచెయ్యదు. ఆ కాగితం వెనకవైపు మీ డాక్టర్ గారు రాశారు కదండీ, ఆయన్ని నమ్మండి. ఆయనకు మావాడితో చుట్టరికం లేదు."

ఒక సభ్యుడు పెన్ను కింద పెట్టాడు. డాక్టరమ్మ పేజీ తిప్పింది.

బయటికొచ్చాక రైటర్ పొగిడాడో తిట్టాడో ఆమెకు తెలియలేదు. ఆయన రెండూ ఒకే గొంతుతో చేస్తాడు.

ఉత్తర్వు వచ్చిన రోజు చంటికీ కోడలికీ వారపు సెలవు కావడంతో ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. కోడలు బయటికి చదివింది. "వినికిడి లోపము సైనిక సేవ వలన కలిగినదని అంగీకరించడమైనది. పూర్వపు తిరస్కరణ రద్దు చేయడమైనది. తల్లి వ్రాసిన లేఖ ఆందోళనతో వ్రాసినదే గాని వైద్య సాక్ష్యము కాదు..." కోడలు ఆపి అత్తగారి వంక చూసింది. "అత్తయ్యా, మీరు ఆందోళన పడతారని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది."

"నవ్వకు. గెలిచామా?"

"గెలిచాం."

"గెలిచామమ్మా," అని చంటి కూడా అన్నాడు. "సోమవారం ఆసుపత్రికి రమ్మన్నారు. మిషను కొలత తీసుకుంటారట."

ఆమె నమ్మలేదు. ఉత్తర్వు లాక్కుని కళ్ళద్దాలు పెట్టుకుంది. ఇంత మంచి కాగితంలో ఎక్కడో ఒక గొయ్యి ఉండకపోదు. మొదటి పేజీ అంతా వేలు పెట్టి వెతికింది. లేదు. రెండో పేజీ చివర, సంతకాల కింద దొరికింది. "అయిదు సంవత్సరముల అనంతరము పునఃపరీక్ష జరుపబడును."

"చంటీ!" భుజం పట్టి ఊపింది. "అయిదేళ్ళకు మళ్ళీ చూస్తారట్రా. ఈలోగా నీ చెవులు బాగైపోతే ఏం చెయ్యాలి?"

వాడు ఆమె పెదాలే చూస్తున్నాడు. కోడలు చేతిలో కవరు అలాగే ఉంది. ఆ మాట బయటికొచ్చిన తర్వాత ఆమెకే వినపడింది.

"అంటే," అంది. "అంటే, బాగైపోవాలనే. బాగైపోకూడదని కాదు. బాగైపోతే మంచిదే. కానీ..." ఏ వైపు భయపడాలో తెలియక మధ్యలోనే ఆగి, ఉత్తర్వు పట్టుకుని వాడి మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది.

"పర్లేదమ్మా," అన్నాడు చంటి.